అలుగుడు మంచం

మా సత్తక్క పొద్దటి నుంచి మంచం దిగడం లేదని, ఒళ్లు ముట్టి చూస్తే చల్లగానే ఉందని, కాలనీ డాక్టరు వచ్చి చూసి బీపీ, షుగరు అన్నీ సరిగానే ఉన్నాయన్నాడని, అయినా అన్నం మాత్రం ముట్టడం లేదని మా అక్క కొడుకు శ్రీను ఫోన్లో ఏకరువు పెడుతుంటే నేను ఒకటే అడిగాను. “ఏ మంచంరా?” వాడికి నా ప్రశ్న తలా తోకా లేనట్టు అనిపించింది. “ఏ మంచమైతేంది చిన్నమ్మా, మనిషి లేస్తలేదంటే” అని విసుక్కున్నాడు. నేను వదలలేదు. చివరికి చెప్పాడు. మా బావ పోయి ఏడాది కావస్తోంది. అమ్మకు నడుము నొప్పి అని వాడు మంచిర్యాలలో మెత్తటి పరుపుతో కొత్త మంచం కొన్నాడు. ఆమె పడుకున్నది దాని మీద కాదట. వెనక పంచలో గోడకు నిలబెట్టిన పాత నులక మంచాన్ని తనే ఈడ్చి వాల్చుకొని, అటు తిరిగి పడుకుందట. ఆ మాట వినగానే నా గుండె కుదుటపడింది. “డాక్టరుతోని అయ్యే పని కాదు బిడ్డా. ఎవ్వరు గెలుకకుండ్రి. అన్నం పెట్టి పక్కకు జరుగుండ్రి. నేనొస్తున్న” అని చెప్పి, సంచిలో రెండు చీరలు కుక్కుకొని కరీంనగర్ బస్టాండుకు పోయాను.

కిటికీ పక్కన చోటు దొరికితే నాలాంటి ముసలిదానికి వేరే కాలక్షేపం అక్కర్లేదు. బస్సు మంచిర్యాల దిక్కు పోతుంటే నా మనసు మెట్‌పల్లి దిక్కు పోయింది. మెట్‌పల్లికి కోసెడు దూరంలో ఉండేది మా ఊరు. పెంకుటిల్లు, ముందు పొడుగాటి పంచ, ఆ పంచలో ఒక కొసన రోలు, ఇంకో కొసన ఈ మంచం. మాది పసుపు పండించే ఇల్లు కాబట్టి చలి తగ్గే వేళకు పెద్ద పెద్ద కడాయిల్లో పసుపు ఉడికేది. తడి మట్టి వాసనా, ఘాటూ కలిసిన ఆ వాసన మా దుప్పట్లలో, జాకెట్లలో, ఆఖరికి మేము తినే జొన్నరొట్టెలో కూడా దూరేది. నా చేతులు చూసి బడిలో పంతులు “పెండ్లిపిల్ల వచ్చింది” అని ఆటపట్టించేవాడు. నేను అలిగేదాన్ని. అలగడానికి నేను పెట్టింది పేరు. ముక్కు మీద కోపం అంటారే, నాకు ముక్కు కంటే ముందు కోపం పుట్టిందని మా అవ్వ, అంటే మా అమ్మ, అనేది. అందుకే ఆ మంచం గురించి చెప్పే హక్కు మా ఇంట్లో అందరికంటే నాకే ఎక్కువ. దాని నులక మీద నా వీపు అచ్చు పడి ఉంటుంది.

ఆ మంచం కథ మా నాయినమ్మ లచ్చవ్వ పెళ్లితో మొదలవుతుంది. పెళ్లికొడుకు అలగడం మన పెళ్లిళ్లలో ఒక ముచ్చట కదా. మంచం మీద మూతి ముడుచుకొని కూర్చుంటాడు. అత్తగారి తరఫు వాళ్లు వచ్చి బతిమాలాలి, ఏదో ఒకటి ఇస్తామని ఒప్పుకోవాలి. అప్పుడుగానీ లేవడు. మా తాత అట్లాగే అలిగి ఒక పాడిబర్రెను సంపాదించాడు. నాయినమ్మకు అప్పటికి లోకం తెలిసీ తెలియని వయసు. పందిట్లో అందరూ వింటుండగా “గాయనొక్కడే అల్గుతడా? నేను అల్గొద్దా?” అని అడిగిందట. పందిరంతా పగలబడి నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు, ఆ సంగతి మరిచిపోనూ లేదు. కాలం గడిచి, అత్త పోయి, ఇంటి తాళాలు తన నడుముకు చేరిన నాడు నాయినమ్మ చేసిన మొదటి పని అటక మీది నుంచి ఆ పెళ్లి మంచాన్ని దించి పంచలో వెయ్యడం. “ఇయ్యాల్టి సంది గిది అలుగుడు మంచం. ఈ ఇంట్ల ఎవ్వరన్న అల్గొచ్చు. మొగోళ్లు, ఆడోళ్లు, పోరగాండ్లు, ఎవ్వరన్న” అని చాటింది. మా తాత ఏమన్నాడో నాకు తెలియదు. బర్రెను తిరిగివ్వమని ఆమె అడగలేదు కాబట్టి ఊరుకొని ఉంటాడు.

మంచం ఎక్కిన మనిషిని ఏమైందని అడగకూడదు. ఎగతాళి చెయ్యకూడదు. పని చెప్పకూడదు. అన్నం వేళకు కంచం తెచ్చి పక్కన పెట్టి, మాట్లాడకుండా పోవాలి. తింటే తింటారు, లేకపోతే లేదు. దీపాలు పెట్టే వేళకు నాయినమ్మ వచ్చి కాళ్ల దిక్కు కూర్చునేది. తల దిక్కు ఎప్పుడూ కూర్చునేది కాదు. “తల కాడ కూసుంటె బుద్ధి చెప్పబుద్ధైతది” అనేది. అక్కడ కూర్చొని, చుట్ట ఆర్పి పక్కన పెట్టి, ఒకటే మాట అడిగేది. “ఏడ నొస్తుంది బిడ్డా?” ఆ తరువాత చెప్పిందంతా ఆ మంచానికీ నాయినమ్మకూ మాత్రమే తెలియాలి. గడప దాటకూడదు. గడప దాటించిన వాళ్లతో నాయినమ్మ మాట్లాడటం మానేసేది. ఊళ్లో ఎవరితోనైనా రచ్చకట్ట దాకా పోయి తగవు పెట్టుకోగల మనిషి అట్లా మూగనోము పడితే ఇంటిల్లిపాదికీ ఊపిరాడేది కాదు.

అసలు తిప్పలు ఆమె ప్రశ్నకు జవాబు చెప్పడంలో ఉండేది. నేను మొదట్లో “సత్తక్క నా జడ గుంజింది” అని మొదలుపెట్టేదాన్ని. “గది సత్తి ముచ్చట. నీ ముచ్చట చెప్పు. ఏడ నొస్తుంది?” అనేది. ఇంకొకరి పేరు చెబితే చెల్లదు. అప్పుడు నాలోపలికి నేనే పోయి వెతుక్కోవాల్సి వచ్చేది. గొంతులో ముద్ద అడ్డం పడినట్టుందంటే “గది కోపం గాదు, దుఃఖం. ఏడువు” అనేది. ఛాతీ మండుతోందంటే “ఆఁ, గది కోపమే. మండనియ్యి” అనేది. చెవులు వేడెక్కితే సిగ్గు. కడుపులో దేవినట్టుంటే భయం. ఎన్నోసార్లు నేను కోపం అనుకొని మంచమెక్కి, చివరికి అది భయమనో సిగ్గనో తెలుసుకొని దిగాను. పంతులు పెండ్లిపిల్ల అన్నప్పుడు నాకు మండింది ఛాతీ కాదు, చెవులు. ఆ తేడా తెలిశాక పంతులు మీద సగం కోపం పోయింది. నాయినమ్మ లెక్క ప్రతిసారీ సరిగ్గా ఉండేదని కూడా చెప్పను. ఒకసారి నేను కడుపు పట్టుకొని పడుకుంటే ఎంతో నెమ్మదిగా “దేనికి భయమైతుంది బిడ్డా, నాకు చెప్పు” అని బుజ్జగిస్తూ కూర్చుంది. పొలం గట్టు మీద తిన్న పచ్చి రేగుకాయలు ఆమె ఒళ్లోనే బయటపడ్డాక గానీ సంగతి తేలలేదు.

మా బాపు, అదే మా నాన్న, మాత్రం ఎన్నడూ అలగలేదు. అంటే, అలిగినట్టు ఒప్పుకోలేదు. మనసు బాగా లేనప్పుడు వచ్చి “నులక వదులైంది” అని ఆ మంచం దగ్గర కూర్చొని తాడు విప్పి మళ్లీ బిగించేవాడు. వాన రాకపోతే బిగించేవాడు, ఎద్దుకు రోగమొస్తే బిగించేవాడు. తాడు కొస పట్టుకోవడానికని నాయినమ్మ వెళ్లి కాళ్ల దిక్కు కూర్చునేది. ఇద్దరూ ఏదో గొణుక్కునేవాళ్లు. మా ఇంట్లో నులక మంచం అంత బిగుతుగా ఎందుకుండేదో, మీద పడితే బంతిలా ఎందుకు ఎగిరేవాళ్లమో నాకు చాలా కాలానికి అర్థమైంది.

నాకు పద్నాలుగో పదిహేనో ఉన్నప్పుడు సత్తక్కకు పెళ్లయింది. బావ పేరు మల్లేశం. వాళ్లకు భూమి తక్కువ. శ్రీరాంపూర్ దిక్కు బొగ్గుబావుల్లో పని దొరుకుతోందని అప్పట్లో ఊళ్లకు ఊళ్లు గోదావరి దాటి పోతుండేవి. ఆయనా పోయాడు, వెంట అక్కను తీసుకుపోయాడు. పెళ్లినాడు చూస్తే చెరుకు గడలాంటి మనిషి, నవ్వు ముఖం, మంచి మాటకారి. అటువంటి మనిషితో కాపురానికి పోయిన అక్క, ఆ ఏడు పసుపు తవ్వే రోజుల్లో ఒంటరిగా బస్సు దిగింది. “పసుపు పనికి సాయం వచ్చిన” అన్నది. తిన్నగా పోయి మంచమెక్కింది.

దీపాలు పెట్టే వేళ నాయినమ్మ కాళ్ల దిక్కు కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. నాయినమ్మ లేచి వచ్చి “పసుపు అయ్యేదాక ఉంటది” అని మాత్రం చెప్పింది. పసుపు పని సాగినన్నాళ్లూ ఊళ్లో ఎవరూ ఏమీ అడగరు. అది ఎండి, బండ్లకెక్కి మెట్‌పల్లికి పోయిందంటే ఇక అక్క ఇంట్లో ఎందుకుందో ఊరికి జవాబు చెప్పాలి. మా అవ్వకు అదే బెంగ. బాపు పంచాయితీ పెట్టిస్తానంటాడు, మరుక్షణమే తోలివస్తానంటాడు. “అది మనిషా, బస్తానా, తోలేసి రానీకి?” అని నాయినమ్మ కసిరింది. ఆ పూట బాపు మంచం నులక బిగించాడు.

నాకు అక్కే చెప్పింది. ఇద్దరం కల్లంలో కూర్చొని పసుపు దుంపల నుంచి కొమ్ములు విరుస్తున్నాం. “గిన్నె కింద వడ్డా కేకేస్తడే. తింటున్నప్పుడు ఒక్క మాట మాట్లాడడు. పండుకునేటప్పుడు కందిలి ఆర్పనియ్యడు, ఆ వెలుగుల నా మొఖం కనవడితె అటు మర్రుతడు. నేను చేసిన తప్పేందో నాకు ఎరుకలే. నేనంటెనే గిట్టదే ఆయనకు.” చెబుతూ చెబుతూ చేత్తో గొంతు పట్టుకుంది. నాకు ఛాతీ మండింది. బావ కనబడితే నాలుగు కడిగి పారెయ్యాలనుకున్నాను. “మరి పోవా ఇంక?” అన్నాను. “గిట్టని తావుకు ఎట్ల పోతనే?” అన్నది. వాళ్లిద్దరి కాపురం ఆ దుంపల కొమ్ముల్లాగే నా చేతిలో పుటుక్కుమన్నట్టు అనిపించి నేను కూడా ఏడ్చాను.

ఆ తరువాత కొద్దిరోజులకే ఒక మిట్టమధ్యాహ్నం బావ వచ్చాడు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. మిగతా వాళ్లంతా కల్లం కాడ ఉన్నారు. మనిషి సగమయ్యాడు. కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు బొగ్గు నలుపు, ఎంత కడిగినా పోనిది. కడిగి పారెయ్యాలనుకున్న నేను ఆ ముఖం చూసి కాళ్లకు నీళ్లు తెస్తానని లోపలికి పోయాను. చెంబుతో వచ్చేసరికి ఆయన అలుగుడు మంచం మీద అటు తిరిగి పడుకొని ఉన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పని దిగి, రెండు బస్సులు మారి వచ్చిన మనిషి కనబడిన మంచం మీద ఒరిగి నిద్రపోయాడని ఎవరికైనా తట్టాలి. మా ఇంట్లో పుట్టిన నాకు అది తట్టలేదు. చెంబు అక్కడే పెట్టి కల్లం కాడికి ఒకటే ఉరుకు. “బావ వచ్చిండు. వచ్చుడు వచ్చుడే అల్గిండు” అని చెప్పాను.

ఇక చూడాలి మా వాళ్ల పరేషాన్. అల్లుడు అలిగాడంటే మామూలు విషయమా? కల్లం నుంచి ఇంటికొచ్చే దారి పొడుగునా ఎవరి తప్పు వాళ్లే ఒప్పుకుంటూ వచ్చారు. “దసరాకు వచ్చినప్పుడు సైకిల్ జర ఇయ్యి మామా అన్నడు. విననట్టు ఊకున్న” అన్నాడు బాపు. “సత్తితోని పంపిన సకినాలు మాడినయే. ఎరుకుండే పంపిన” అన్నది అవ్వ. “పెండ్లిల చెప్పులు దాచినప్పుడు ఒకటి బాయిల వడ్డది, ఎవ్వరికి చెప్పలే” అన్నాను నేను. అక్క అందరికంటే వెనకగా నడిచింది. నాయినమ్మ మాత్రం గడప దగ్గర ఆగి, పడుకున్న బావను కాసేపు చూసి, “ఎవ్వరు గెలుకకుండ్రి” అన్నది.

బావ నిద్ర లేచేసరికి ఇల్లంతా నిశ్శబ్దం. మా బాపు ఆయన ముందు నుంచే తల వంచుకొని పోయాడు, పలకరించలేదు. అవ్వ వచ్చి కంచంలో రొట్టె, కూర పెట్టి కొంగు సర్దుకొని వెళ్లిపోయింది, పలకరించలేదు. నేను నీళ్లు పెట్టి పరిగెత్తాను. అత్తగారింట్లో ఇట్లాంటి మర్యాద ఏ అల్లుడికైనా జరిగిందా? భార్య పుట్టింటికి వచ్చేసింది, ఇప్పుడు వీళ్లంతా తన మీద కోపంగా ఉన్నారు అనుకున్నాడు పాపం. లేచి ఎవరి ముఖం చూడాలో తెలియక మళ్లీ పడుకున్నాడు. ఆయన మళ్లీ పడుకున్నకొద్దీ మావాళ్లకు ఆయన అలుక ఎంత గట్టిదో అర్థమైపోయింది. పొయ్యి మీద కోడికూర చేరింది. బాపు సైకిల్‌ను తుడిచి, ఆయనకు కనబడేటట్టు వాకిట్లో నిలబెట్టాడు. బావ ఆ సైకిల్‌ను చూసి, తనను ఎక్కి పొమ్మంటున్నారనుకున్నాడట. ఇది తరువాత ఆయనే చెప్పి చెప్పి నవ్వించేవాడు.

పొద్దు గూకింది. నేను వాకిట్లో కూర్చొని కందిలి గ్లాసును బూడిదతో తుడుస్తున్నాను. అక్క వంటింటి దర్వాజలో కూర్చొని రొట్టెలు చేస్తోంది. నాయినమ్మ వచ్చింది. కాళ్ల దిక్కు కూర్చుంది. చుట్ట ఆర్పి పక్కన పెట్టింది. ఆమె పెదవులు కదలడం చూశాను. ఆ మాట ఏమిటో వినకపోయినా నాకు తెలుసు. బావ లేచి కూర్చొని తల అడ్డంగా ఊపాడు. ఏం లేదంటున్నాడు. నాయినమ్మ లేవలేదు. అట్లాగే కూర్చుంది. ఎడ్లు ఇంటికొచ్చాయి, వాటిని కట్టేశారు. ఆమె కూర్చునే ఉంది. ఆ మనిషిని బహుశా పుట్టి బుద్ధెరిగిన తరువాత ఎవరూ అట్లా ఊరికే పక్కన కూర్చొని కనిపెట్టుకొని ఉండలేదేమో. మెల్లగా ఆయన తల వంగిపోయింది. కుడిచెయ్యి ఎత్తాడు, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు గాలిలో ఆపాడు. తరువాత కడుపు మీద పెట్టుకున్నాడు.

నేను గ్లాసు తుడవడం ఆపాను. వంటింట్లోంచి రొట్టె మాడిన వాసన వచ్చింది. తిరిగి చూస్తే అక్క పిండి చేతులతో దర్వాజ పట్టుకొని నిలబడి ఉంది. ఆ చెయ్యి ఎక్కడ పెట్టాడో ఆమె కూడా చూసింది. మంచం మీది మాట గడప దాటలేదు, నాయినమ్మ ఒక్క ముక్క ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ ఇంట్లో పెరిగిన పిల్లకు కడుపు మీద చెయ్యి అంటే ఏమిటో వేరే చెప్పాలా? అది కోపం కాదు. గిట్టకపోవడం అంతకంటే కాదు. మల్లేశం బావకు భయమవుతోంది.

అక్క చేతులు కూడా కడుక్కోకుండా వాకిలి దాటి నడిచి వెళ్లింది. ఆమె రావడం చూసి నాయినమ్మ లేచింది. లేచి, తను కూర్చున్న చోటు అరచేత్తో తుడిచి, “గీడ కూసో” అన్నది. అక్క కూర్చుంది. నాయినమ్మ అడగాల్సిన ప్రశ్న ఆ పూట అక్క అడిగింది. మేమంతా వంటింట్లోకి పోయి మాడిన రొట్టెలు తింటూ కూర్చున్నాం. అవ్వ తొంగి చూడబోతే నాయినమ్మ కొంగు పట్టి గుంజింది. చాలాసేపటి తరువాత నేనే నీళ్ల వంకతో ఒకసారి చూశాను. ఇప్పుడు మంచం మీద అక్క ఉంది. కాళ్ల దిక్కు బావ కూర్చొని ఉన్నాడు. ఆయన కూర్చున్న తీరు బడిలో కొత్తగా చేరిన పిల్లవాడిలా ఉంది. అక్క గొంతు మీద చెయ్యి పెట్టుకొని ఏదో చెబుతోంది.

ఆ రాత్రి ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో అక్క నాతో ఎన్నో ఏళ్ల తరువాత, బావ వింటుండగానే చెప్పింది. బొగ్గుబావిలో పైకప్పు కింద నిలబెట్టిన కర్రలు ఒక్కోసారి కిర్రుమంటాయట. ఆ చప్పుడు వినబడితే కప్పు కూలకముందే ఉన్నవాళ్లు ఉన్నట్టు పరిగెత్తాలి. ఇంట్లో గిన్నె పడ్డా ఆయన చెవికి అదే చప్పుడు. చీకటి పడితే బావిలో ఉన్నట్టే ఉంటుంది కాబట్టి కందిలి ఆర్పనిచ్చేవాడు కాదు. వెలుగులో తన కళ్లలో నీళ్లు పెళ్లాం చూస్తుందని అటు తిరిగేవాడు. “బాయిల దిగే మొగోడు భయమైతుందని ఎవ్వనికి చెప్తడు మరదలా? నాకే ఎరుకలే అది భయమని. కోపమే అనుకున్న” అన్నాడు బావ. ఆయన ఆ పని మానలేదు, ముసలివాడై రిటైరయ్యేదాకా చేశాడు. భయం కూడా పూర్తిగా పోలేదు. పెళ్లాం మీద కేకలు మాత్రం పోయాయి.

పసుపు బండ్లు మెట్‌పల్లికి కదిలిన నాడే అక్క, బావ కూడా బయలుదేరారు. వాళ్ల వెంట మంచాన్ని కూడా బస్సు మీదికి ఎక్కించింది నాయినమ్మ. కండక్టరు మంచం ఎక్కనివ్వనని మొండికేశాడు. “గింత కోపమెందుకు కొడుకా? ఇంట్ల ఎవ్వరన్న ఏమన్న అన్నరా? గా మంచం మీద జర సేపు పండుకో, నేను కూసుంట” అన్నది నాయినమ్మ. బస్సులో వాళ్లంతా నవ్వారు, కండక్టరు కూడా నవ్వి తాడు తనే కట్టాడు. ఖాళీ అయిన పంచను చూసి అందరికంటే ఎక్కువ ఫికరు పడ్డది మా బాపు. అంగడికి పోయి ఇంకో మంచానికి కొత్త కోళ్లు, కొత్త పట్టెలు, చేరెడు కాదు బారెడు నులక కొనుక్కొచ్చాడు. బిగించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

శ్రీరాంపూర్‌లో ఆ మంచానికి పెద్ద పేరే వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుటుంబాలు, మరాఠీ కలిపి మాట్లాడేవాళ్లు, ఉర్దూ వాళ్లు, అవతలి జిల్లాల వాళ్లు అందరూ కంపెనీ కట్టిన వరుస ఇళ్లలోనే. బావ దాని మీద పడుకోవడం, అక్క కాళ్ల దిక్కు కూర్చోవడం చూసి మొదట నవ్వారట. తరువాత పక్కింటామె దర్వాజ దగ్గర నిలబడి “సత్తమ్మా, మీ మంచం జర ఖాళీగున్నదా?” అని అడగడం మొదలైంది. నేను సెలవులకు పోయినప్పుడల్లా ఆ మంచం మీద నాకు తెలియని మనుషులే ఉండేవాళ్లు. నా వంతు రాక నేను నేల మీదే అలగాల్సి వచ్చేది.

మా రోజులే బంగారం అని నేననను. మా ఊళ్లో అలుగుడు మంచం ఉన్నది ఒక్క మా ఇంట్లోనే. మిగతా ఇళ్లలో అలిగిన కోడలికి దక్కేది దవడ మీద దెబ్బే. ఇవాళ నా మనవరాలు ఫోన్లో పసుపుపచ్చ ముఖాలు పంపిస్తుంది, ఒకటి ఏడుస్తుంది, ఒకటి పళ్లికిలిస్తుంది. మనసులో మాట చెప్పుకోవడానికి డబ్బిచ్చి ఒకరి దగ్గరికి పోతానని కూడా నిర్భయంగా చెబుతుంది. మంచిదే. మేము సిగ్గుపడి దాచుకున్నది వాళ్లు దాచుకోవడం లేదు. నాకు తోచే లోటు ఒకటే. ఆ ముఖం పంపించాక వచ్చి కాళ్ల దిక్కు కూర్చునే మనిషి కావాలి. ఏమీ చెప్పకపోయినా లేచిపోకుండా, ఎడ్లు ఇంటికొచ్చేదాకా కూర్చునే మనిషి.

శ్రీరాంపూర్‌లో బస్సు దిగి ఇంటికి పోయేసరికి దీపాల వేళయింది. శ్రీను, వాడి భార్య సునీత గడప దగ్గరే ఎదురుచూస్తున్నారు. వెనక పంచలో అక్క అటు తిరిగి పడుకొని ఉంది. పక్కన కంచంలో అన్నం చల్లారిపోయి ఉంది. నేను సంచి దించి, మోకాళ్లు పట్టుకొని కాళ్ల దిక్కు కూర్చున్నాను. నులక వదులైంది, బాపు లేడుగా. “ఏడ నొస్తుందక్కా?” అన్నాను. చాలాసేపు పలకలేదు. నేను లేవలేదు. వెనక సునీత నిలబడి చూస్తోందని నాకు తెలుసు. అక్క మెల్లగా ఇటు తిరిగి లేచి కూర్చుంది. చెయ్యి ఎత్తింది. అది గొంతు మీదికి పోలేదు, ఛాతీ మీదికి పోలేదు, కడుపు మీదికీ పోలేదు. ముందుకు చాచి, నేను కూర్చున్న చోట నులక మీద పెట్టింది. బావ కూర్చునే చోటు.

“గీడ” అన్నది.

ఇద్దరం ఏడ్చాం. ఏడ్చాక ఇద్దరికీ ఆకలేసింది. సునీత పచ్చిపులుసు, వేడి వేడి అన్నం తెస్తే ఒకే కంచంలో తిన్నాం. ఆ సైకిల్ ముచ్చట మళ్లీ చెప్పుకొని నవ్వాం. “కమలా, గిదంత రాస్తవా ఏంది?” అని అడిగింది అక్క. రాస్తానన్నాను. “రాస్తె రాయి. నా ముచ్చట నేను చెప్పొచ్చు” అన్నది.

మర్నాడు పొద్దున్నే నేను సంచి సర్దుకొని వెనక పంచలోకి చెప్పి పోదామని వెళ్తే మంచం మీద సునీత ఉంది. అటు తిరిగి పడుకుంది. పదిహేనేళ్లుగా ఆ ఇంట్లో ఉన్న పిల్ల, ఎన్నడూ నోరెత్తని పిల్ల. అక్క ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకొని, ఇంకో చేత్తో గోడ పట్టుకొని, వంటింట్లోంచి మెల్లగా నడిచొస్తోంది. ముఖంలో నిన్నటి నీరసం మచ్చుకైనా లేదు. నేను అక్కడే ఆగాను. కుర్చీ ఒకటి వేసుకుందామా అని కూడా చూశాను.

“నువ్వు పో, బస్సు పోతది” అన్నది అక్క. “గిది గడప దాటే ముచ్చట గాదు.”

చెప్పులేసుకొని బయటికొచ్చాను. వెనక నుంచి మంచం నులక కిర్రుమనడం వినిపించింది. అచ్చం మా నాయినమ్మ గొంతులా ఒక గొంతు “ఏడ నొస్తుంది బిడ్డా?” అని అడిగింది. ఆ పిల్ల ఏం చెప్పిందో నాకు తెలియదు.